గుళికల నిప్పు, వేణ్ణీళ్ళ కాగు

చలికాలమనునది పంచాంగమునందే తప్ప ఒంటికి తెలియని సముద్రతీరపు పట్టణమగు పుదుచ్చేరిలో ఇంటికి బాయిలరు పెట్టించుకొందుననువానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వినచో ఆ నవ్వును తప్పుపట్టలేము. గాని, ఆ నవ్విన ఇండ్ల పెరళ్ళలోనే, తులసికోటకు ఇవతల, బావిగట్టునకు అవతల, పొగచూరిన గోడ నానుకొని నిన్నమొన్నటివఱకు ఒక రాగి బాయిలరు నిలిచియుండెననియు, బాలింతకు వావిలాకు కాచిన నీళ్ళను, పసిబిడ్డకు గోరువెచ్చని నీళ్ళను, మోకాళ్ళ నొప్పుల వృద్ధులకు పొగలుగ్రక్కు నీళ్ళను అది కొఱతలేక సమకూర్చుచుండెననియు జ్ఞాపకము చేసినచో ఆ నవ్వు కొంత తగ్గును. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఈ తీరమున సూర్యుడు మిక్కిలి దాత. మేడమీద సౌరఫలకమును పెట్టుకొన్నవారికి అన్నినాళ్ళును నీళ్ళు కాగుట యను సమస్యయే లేదు. చిక్కంతయు తక్కిన నెలలది. నరకచతుర్దశినాడు తెల్లవారకమునుపే ఇంటిల్లిపాదికి నువ్వులనూనెతో తలంటవలెను. ఆ పండుగ వచ్చునది సరిగా ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతమునుండి మబ్బులను తోలుకొనివచ్చు వేళకు. వేణ్ణీళ్ళు ఎక్కువగా కావలసిన నాళ్ళలోనే ఎండ ముఖము చాటువేయును, కట్టెలు తడిసియుండును, గాలివాన వచ్చెనా కరెంటును పోవును. 2011 డిసెంబరు 30న థానే తుపానును, 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపానును చూచినవారికి, అందులో రెండవది ఒక్క దినములో నలువది సెంటీమీటర్లకు మించిన వానను ఈ యూరిపై కుమ్మరించుట చూచినవారికి, ఈ మాట వివరింపనక్కఱలేదు.

ఆ రాగి బాయిలరు రూపము నెఱుగనివారు ఇప్పటి తరమున చాలమంది యుందురు గనుక దానిని గుఱించి రెండు మాటలు చెప్పవలెను. నడుమెత్తు రాగి పీపా. దాని మధ్య క్రిందినుండి పైదాక పోవు ఒక గొట్టము. అడుగున ఇనుపచువ్వల జల్లెడ. ప్రక్కన ఇత్తడి కొళాయి. గొట్టములోనికి పైనుండి కట్టెపేళ్ళో, కొబ్బరిచిప్పలో, బొగ్గులో జాఱవిడిచి అంటించినచో, మంట పైకెగయుచు చుట్టునున్న నీటికి తన వేడి నిచ్చిపోవును. పొయ్యిమీది కాగు క్రిందనుండి మాత్రమే కాగును. ఇది కడుపులోనుండి కాగును. నిప్పును నీటి నడుమ నిలుపుట యను ఈ యుపాయమే నేటి ఇంటి బాయిలర్లలో పెక్కింటికి మూలము. తక్కినవన్నియు ఆ నిప్పుకు పెట్టిన కాపలాలు.

ఇంధనము మాటకు వత్తము. ఉద్యోగముమీదనో చదువుమీదనో యానామునుండి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దాటి ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి గోదావరి పాయ యొడ్డున పెరటిలోనే దొరకిన కొబ్బరిడొక్కలును మట్టలును ఇక్కడ అంత సులువుగా చేతికందునవి కావు. వారికిని, స్థానికులకును దిక్కైనది సరుగుడు. కడలూరు, విల్లుపురము జిల్లాల ఇసుకనేలలలో తోపులుతోపులుగా పెరుగు ఈ చెట్టు నిటారుగా ఎదిగి, కొన్ని యేండ్లకే నఱకుటకు వచ్చి, పందిరిగుంజగాను, తాపీవారి సారువకఱ్ఱగాను, తుదకు వంటచెఱకుగాను మూడు జన్మలెత్తును. బాగుగా ఎండినచో కిలోకు నాలుగువేల అయిదువందల కిలోకాలరీలకు తక్కువ కాని వేడి నిచ్చును. సరుగుడు కొనలేనివారికి రంపపుపొట్టు పొయ్యి యుండెను. రేకుడబ్బా అడుగున ప్రక్కగా ఒక రంధ్రము చేసి, డబ్బా నడుమ ఒక సీసాను నిలిపి, చుట్టును పొట్టును గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా త్రిప్పుచు పైకి లాగినచో నడుమ బిలమేర్పడును. క్రింది రంధ్రమున చిన్న పుల్ల అంటించిరా, గంటలకొలది నిలుకడగల మంట. దట్టించుటలో చేయి తప్పినచో పొట్టు నడుమ కూలి ఇల్లంతయు పొగలో మునుగును. ఆ పొయ్యిని సిద్ధముచేయుట యొక విద్య; అది ఇంటింట ఒకరికే పట్టువడెడిది.

ఆ దట్టించు చేతిని తొలగించి దాని స్థానమున వందల అశ్వశక్తి గల యంత్రమును నిలిపినచో పుట్టినదే పెల్లెట్టు అనబడు కఱ్ఱగుళిక. పొట్టులోని తేమను నూటికి పదివంతుల చేరువకు దింపి, పిండిచేసి, చిల్లుల ఉక్కు అచ్చులోనుండి నెట్టుదురు. ఆ ఒరిపిడి వేడికి కఱ్ఱలో సహజముగానే యుండు లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి, చల్లాఱునపుడు తానే జిగురై బిగియును. మఱి యే బంకయు కలుపనక్కఱలేదు. ఆఱు లేక ఎనిమిది మిల్లీమీటర్ల లావు, అంగుళము అటునిటుగా పొడవు. రంపపుపొట్టు ఘనమీటరుకు రెండువందల కిలోలు తూగుటయే గొప్పకాగా గుళికలు ఆఱువందలకు మించి తూగును. ఐరోపావారు మేలురకమునకు పెట్టుకొన్న కొలత యేమనగా, తేమ నూటికి పదికి మించరాదు, బూడిద 0.7 వంతులకు మించరాదు. మన ప్రాంతమున ఈ కొలతకు నిలుచునది శుద్ధమైన కఱ్ఱపొట్టు గుళిక మాత్రమే. తిండివనము, పణ్రుట్టి వైపు పండు వేరుశనగల తొక్కుతో చేసిన గుళికకు వేడి యించుమించు కఱ్ఱకు సమానమే కాని బూడిద అంతకు పెక్కురెట్లు. వరిపొట్టు సంగతి చెప్పనే వద్దు, కాల్చినదానిలో ఆఱవవంతు బూడిదగానే తిరిగి వచ్చును.

గుళిక గుండ్రముగా, ఒక్క తీరుగా నుండుటవలన కలిగిన లాభమేమనగా, అది ధాన్యమువలె తనంత తాను జాఱును. జాఱుదానిని యంత్రము కొలిచి వడ్డింపగలదు. గుళికల బాయిలరు సారమంతయు ఈ వాక్యములో నున్నది. పైన తొట్టి; దాని క్రింద మెలితిరిగిన ఇనుపకడ్డీ, వర్క్‌షాపులవారు స్క్రూ అనునది, కొన్ని క్షణములు తిరిగి కొన్ని గుళికలను మంటమూకుడులో పడవేసి ఆగును; వేడిగాలిని ఊదు చిన్న విద్యుత్పరికరము వానిని అంటించును; ఫ్యాను గాలిని సరిపడినంత పంపును; పొగ వేడిమిని, నీటి వేడిమిని కనిపెట్టుచుండు కొలమానములు స్క్రూకు తిరుగుమనియు ఆగుమనియు ఆజ్ఞలిచ్చుచుండును. రాగి బాయిలరు ముందు విసనకఱ్ఱతో కూర్చున్న ఇంటి పెద్దావిడ చేసిన పనినే ఇవి చేయును, ఆమెకంటె నిశ్శబ్దముగా, ఆమెవలె పనివాండ్రను తిట్టకుండ.

1973 నాటి చమురు సంకటము పిమ్మట అమెరికాలో ఈ గుళికలు ఇంటి పొయ్యిలకు వచ్చినవి. గత శతాబ్దపు చివరి దశకమున ఆస్ట్రియాలో ఇంటి నేలమాళిగలలోనికి బాయిలరు రూపమున ప్రవేశించినవి. పుదుచ్చేరివారికి ఈ వృత్తాంతము దూరదేశపుది కాదు. 1962 ఆగస్టు 16న ఈ భూభాగము చట్టప్రకారము భారతదేశమునకు సంక్రమించిన కాలమున ఫ్రెంచి పౌరసత్వమును ఎంచుకొన్న కుటుంబములు ఇక్కడ వేలకొలది. వారి పిల్లలు, మనుమలు ఫ్రాన్సులో ఇండ్లు కట్టుకొన్నారు. అక్కడ పదునైదు కిలోల సంచులలో అమ్మబడు గుళికలను వారు చలికాలమునకు ముందే గ్యారేజీలో పేర్చుకొందురు. చమురు బాయిలరు తీసి గుళికల బాయిలరు పెట్టువారికి ఫ్రెంచి ప్రభుత్వము 2020 నుండి మాప్రిమ్‌రెనోవ్ అను పథకము క్రింద ధనసాయమును చేసినది. అయినను 2022లో యుక్రెయిన్ యుద్ధమువలన రష్యానుండి కఱ్ఱయు గుళికలును ఐరోపాకు వచ్చుట నిషిద్ధము కాగా, సంచి వెల రెట్టింపునకు మించినది. బాయిలరు కొత్తది, చక్కగా పనిచేయుచున్నది, గుళిక లేదు. ఈ మాటను పాఠకులు కొంచెము గుర్తుంచుకొనవలెను.

ఇక మన యింటికి వత్తము. ఐరోపా ఇంటికి చేయబడిన పదునైదు కిలోవాట్ల బాయిలరును ఇక్కడికి తెచ్చుట యెంత పొరపాటో ఒక లెక్క చూపును. ఆఱుగురున్న సంసారము, మనిషికి ఇరువది లీటర్లు, కొళాయినీరు 28 డిగ్రీలు, స్నానమునకు 42 చాలును. పదునాలుగు డిగ్రీలు పెంచుటకు నూట ఇరువది లీటర్లకు కావలసినది 1,680 కిలోకాలరీలు. కిలో గుళికలలో నాలుగువేలుండి, అందులో నూటికి డెబ్బదియైదు వంతులు నీటికి చేరినచో, దినమునకు పట్టునది అరకిలోకు కొంచెము పైమాట. ఆ పెద్ద బాయిలరు గంటకు దాదాపు పండ్రెండువేల తొమ్మిదివందల కిలోకాలరీల నిచ్చును గావున దీనిని ఎనిమిది నిమిషములలో ముగించి ఆరిపోవును. ఆ యెనిమిది నిమిషములలో తన ఇనుమును తాను వేడిచేసికొనుటకే సగము వ్యయమగును, ఇనుము కాగక మునుపే మంట ఆరుటచే పొగగొట్టము లోపల జిడ్డు పేరుకొనును. అయిదాఱుగురున్న చిన్న సంసారమునకు ఇది తగదని నిర్మొహమాటముగా చెప్పవలెను. వారికి సౌరఫలకమును, మబ్బునాళ్ళకు ఒక విద్యుత్ హీటరును చాలును. ఇరువది గదుల వసతిగృహమునకో, రెండు మూడు తరములు కలిసియున్న పెద్దయింటికో, విద్యార్థుల హాస్టలుకో లెక్క మాఱును. నలువదిమందికి ఇరువదియైదేసి లీటర్లు, అనగా వేయి లీటర్లు: గుళికలు అయిదు కిలోలకు లోపు, గ్యాసైనచో కిలోన్నరకు కొంచెము పైగా, కరెంటైనచో పదునాఱు యూనిట్లు. వెలలు నేటివి రేపుండవు గాని ఈ నిష్పత్తులు మాఱవు. వానిని చేత బట్టుకొని ఎవరి బజారులో వారు బేరమాడుకొనవచ్చును. ఇంత నీటికి సైతము చిన్న మంటను చాలసేపు మండించి, మందమైన ఒఱగల మూడు నాలుగువందల లీటర్ల తొట్టిలో అఱువది అఱువదియైదు డిగ్రీల వేడినీటిని నిలువచేసి, స్నానపుగదిలో చన్నీళ్ళతో కలుపుకొనుటయే సరియైన పద్ధతి.

అమర్చుటలో మొదటి చిక్కు పొగగొట్టము. ఈ పట్టణపు పాత ఇండ్లకు కప్పు మద్రాసు టెఱ్ఱసు: టేకుదూలములమీద ఇటుకలను నిలువున పేర్చి సున్నముతో పోసినది. ఫ్రెంచివారి దుబాసీగా పేరొందిన ఆనందరంగపిళ్ళ గారి 1738 నాటి మేడలోని చెక్కస్తంభములను చూచినవారికి ఈ యిండ్లలో కఱ్ఱ యెంత యున్నదో తెలియును. (కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమును అంకితమిచ్చినది ఈ పిళ్ళ గారికే; కనుక ఆ మేడ మనకు కొంత బంధువుల యిల్లు.) అట్టి కప్పును తొలిచి పొగగొట్టమును పోనిచ్చుట ప్రమాదము, దూలమునకు మంట తాకనక్కఱలేదు, ఏండ్లకొలది వేడి తగిలిన కఱ్ఱ తనంత తానే అంటుకొనగలదు. కావున పెరటిగోడ వెలుపల, రెండు పొరల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమును పిట్టగోడకు బాగుగా ఎత్తున నిలిపి, తుపానుగాలికి కదలకుండ గోడకు బిగించి, వానకు టోపీ పెట్టవలెను. గోడకు గోడ ఆనుకొన్న ఈ వీధులలో మధ్యాహ్నమునుండి సముద్రపుగాలి పడమటికి వీచును. తెల్లవారుజామున నేలగాలి కడలివైపు మఱలును. మన పొగ ఎవరి మేడమీద ఆఱవేసిన బట్టలమీదికి పోవునో ముందుగా చూచుకొనని వానికి బాయిలరుకంటె ముందు తగవు అమరును. గుళికల మంట పొగ లేనిదని అమ్మువారు చెప్పుదురు. అంటించిన తొలి నిమిషములలో పొగ యుండును, తరువాత కంటికి కనబడదు, అంతియే నిజము.

రెండవది నీరు. తీరము వెంబడి భూగర్భజలములోనికి ఉప్పునీరు చొఱబడిన చోట్లు ఈ ప్రాంతమున పెక్కు. బోరునీటిని నేరుగా కాచినచో లోపల సున్నపుగారు పొరలుపొరలుగా పేరుకొని, ఇంధనమెంత పోసినను నీరు కాగదు. కాగు నీరు వేఱు, స్నానపు నీరు వేఱుగా ఉంచి, తొట్టిలోని రాగిచుట్టద్వారా వేడిని మాత్రమే ఇచ్చిపుచ్చుకొనునట్లు చేయుట కొంత ఖర్చయినను మేలు. చట్టము మాటయు అడుగుదురు: ఆవిరిని పుట్టించు పీడనపాత్రలకే గాని, నీటిని నూఱు డిగ్రీలకు లోపుగా వేడిచేయు వానికి 1923 నాటి బాయిలర్ల చట్టము వర్తింపలేదు, దాని స్థానమున వచ్చిన 2025 చట్టమును ఈ మినహాయింపును నిలుపుకొన్నది. అయినను సేఫ్టీవాల్వు పెట్టకుండ ఈ యంత్రమును నడుపుట అవివేకము. ఫ్యాను, స్క్రూ, పంపు మూడును కరెంటుమీద ఆధారపడినవే గాన చిన్న ఇన్వర్టరు లేక తుపానునాడు ఇది రాగి బాయిలరుకు సాటిరాదు.

అమర్చుట ఒక వారములో ముగియును. కాపురము ఆ తరువాత మొదలగును. ఈ కాపురములో శత్రువు మంట కాదు, తేమ. కార్తికమాసపు గాలి ఈ యూరిలో ఎట్టిదో ఉప్పుజాడీ మూత తీసిన ప్రతి యిల్లాలికిని తెలియును. ఆ గాలి సంచిలోనికి దూఱెనా, గుళిక ఉబ్బి, పగిలి, మఱల పొట్టైపోవును, పొట్టు స్క్రూలో ఇఱికి బిగిసికొనును, స్క్రూ ఆగును, తెల్లవారుజామున అయిదింటికి నీళ్ళు చల్లగా వచ్చును. సంచులను నేలకు జానెడెత్తున చెక్కలమీద, గోడకు తగులకుండ, ప్లాస్టికు పొర చెడకుండ ఉంచవలెను. విప్పిన సంచిని మూతగల డ్రమ్ములో పోయవలెను. పెద్దమొత్తమున మూసిన గదిలో గుళికలను పోసినచో మఱియొక ముప్పు కలదు: నిలువనుండి కార్బన్ మోనాక్సైడు పుట్టి గదిలో నిండును, దానికి వాసన లేదు, ఐరోపాలో ఇట్టి గదులలోనికి దిగి ప్రాణములు కోల్పోయినవారు కలరు. కిటికీ లేని గదిని ఇందులకు ఎంచుకొనరాదు. బూడిద వారమునకొకసారి తీసివేయవలెను. అది పెరటిలో అరటికి పనికివచ్చును. తొక్కుగుళికలు వాడినవారు మూకుడులో గాజువలె గడ్డకట్టిన చిట్టెమును దినదినమును ఇనుపపుల్లతో పొడిచి తీయవలసివచ్చును. ఆ పని నాలుగునాళ్ళు చేసిన పనిమనిషి అయిదవనాడు రాదు.

ఇంతవఱకు చెప్పినవన్నియు జాగ్రత్తతో దాటదగిన చిక్కులు. దాటుటకు మన చేతిలో లేనిది ఒకటి కలదు. ఇక్కడికి అఱువది కిలోమీటర్ల చేరువనున్న నైవేలిలో లిగ్నైటు గనులకై 1956లో సంస్థ నెలకొన్నది. 1960ల దశకమున ఆ బొగ్గును ఆఱబెట్టి, అచ్చులలో అదిమి, కాల్చి, లెకో అను పేర పొగలేని ఇంటి ఇంధనముగా విక్రయించిరి. నొక్కిన ఇంధనము ఈ ప్రాంతపు ఇంటికి వచ్చుట అది మొదలు. గ్యాసుబండ వచ్చినది, లెకో కర్మాగారము తరువాత మూతపడినది, దానికై కొన్న పొయ్యిలు పాతసామానులవాని త్రాసు ఎక్కినవి. 2006లో బ్రిటిష్ పెట్రోలియం సంస్థయు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌యు కలిసి ఊర్జా అను గుళికల పొయ్యిని తెచ్చిరి. చిన్న ఫ్యాను గల ఆ పొయ్యి నిజముగా మంచిది. మహారాష్ట్ర, కర్ణాటకములలో లక్షలకొలది ఇండ్లకు చేరినది. కాని గుళికకు కావలసిన పైరుల వ్యర్థమును ఇతర పరిశ్రమలు ఎక్కువ వెలకు ఎత్తుకొనిపోవుటచే గుళిక ప్రియమై, ఇల్లాండ్రు దానిని విడిచిరి. వ్యాపారము హోటళ్ళ వంటశాలలకు మఱలినది. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ థర్మల్ కేంద్రములు బొగ్గుతోపాటు నూటికి అయిదు వంతులు ఈ గుళికలను కాల్చవలెనని ఆదేశించినది. పంటచేలలో తగులబెట్టుటకంటె ఇది మేలే. కాని దినమునకు వందల టన్నులు మ్రింగువానితో సంచి యొకటి కొనువాడు బేరమాడవలసిన దినము అంతటితో వచ్చినది. నైవేలి నిప్పు ఆరుటకు గాని, ఊర్జా నిప్పు ఆరుటకు గాని పొయ్యి కారణము కాదు. ఇంధనపు రాక ఆగుటయే కారణము.

పెద్ద వంటశాలలవారు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గ్రహించిరి. తిరుమలలో 2002లో అమర్చిన సౌర వంటశాలలో నూటఆఱు దర్పణములు ఆవిరిని పుట్టించి దినమునకు పదునైదువేల మందికి వండుటకు ఏర్పడినవి. ఈ యూరి ప్రక్కనే ఆరోవిల్లులో 1997లో తెఱచిన సౌర వంటశాల పైకప్పుమీద పదునైదు మీటర్ల వ్యాసము గల గిన్నెవంటి అద్దము కలదు; ఎండ చాలని నాళ్ళకై డీజిలు బాయిలరును ప్రక్కన పెట్టుకొన్నారు. ఆ డీజిలు స్థానమే ఇక్కడ గుళికలకు తగిన స్థానమని నా యభిప్రాయము. ఎండకు పోటీగా కాదు, ఎండ రాని నాళ్ళకు. 1968లో మొదలైనప్పుడు ఎఱ్ఱమట్టి బయలుగానున్న ఆరోవిల్లు నేడు అడవి. అక్కడ వడ్రంగము విరివిగా సాగించు తుమ్మజాతి చెట్టుకు, ఆరోవిల్లు స్థాపకురాలగు శ్రీమాత ఆ పూవునకు పెట్టిన పేరునుబట్టి, వర్క్ ట్రీ అని వ్యవహారము. అట్టి వడ్రంగశాలల పొట్టును, సరుగుడు తోపుల కొనలును కొమ్మలును ఇరువది ముప్పది కిలోమీటర్లలోనే గుళికలై ఇక్కడనే అమ్ముడుపోవు ఏర్పాటు గలచోట బాయిలరు కొనవచ్చును. దూరదేశపు లారీనో, ఓడనో నమ్ముకొని కొనరాదు.

పెద్దయిల్లు గలవారో, వసతిగృహము నడుపువారో దీనికి పూనుకొన్నచో, వానకాలపు మూడునెలలకు వారికి కావలసినది అరటన్నుకు లోపు. అది ఘనమీటరులో ఇముడును, మెట్లక్రింది కొట్టు చాలును. ఆ సరకును భాద్రపదపు ఎండలలోనే తెప్పించి, సంచి యొకటి విప్పి, గుప్పెడు గుళికలను గాజుగ్లాసు నీటిలో వేసి చూడవలెను. మంచి గుళిక నీట మునిగి కొంతసేపటికి ఉబ్బి పొట్టుగా విడిపోవును. గ్లాసు అడుగున ఇసుక మిగిలినచో ఆ వ్యాపారిని మార్చవలెను. వచ్చే యేటికిని అదే వెలకు, అదే సరకు ఇత్తునని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనువాడు దొరకిన తరువాతనే బాయిలరు దుకాణము మెట్లెక్కవలెను.